ఏరు దాటిన చెస్టరు ఆర్థరు

1886వ సంవత్సరం నవంబరు నెలలో, న్యూయార్కు నగరంలోని లెక్సింగ్టను వీథిలో 123వ నెంబరు ఇంట, మరణశయ్యమీదనున్న ఒక పెద్దమనిషి తన కాగితాలను తెప్పించి తగులబెట్టించినాడు. ఉత్తరాలు, పద్దులు, పక్ష వ్యవహారాల దస్త్రాలు, ముప్పది సంవత్సరాల రాజకీయ జీవితమంతా డబ్బాల కొద్ది బూడిదయి పోయినది. ఆ తరువాత ఒకటి రెండు దినాలకే, 18వ తేదీన, ఆ పెద్దమనిషి కన్నుమూసినాడు. అతడే అమెరికా సంయుక్త రాష్ట్రాలకు 21వ అధ్యక్షుడుగా ఉండిన చెస్టరు ఆలను ఆర్థరు. జీవితచరిత్రలు వ్రాసేవారికి ఇంతకంటె అపకారం చేసిన కథానాయకుడు మరొకడు ఉండడు. అయితే ఆ మంటలో పడక ఒక చిన్న ఉత్తరాల కట్ట మిగిలిపోయినది. దాని సంగతి తరువాత చెప్పుకొందాము.

వాషింగ్టను, లింకను పేర్లు మన బడిపిల్లలకు కూడ తెలుసును. లింకను హత్యకు తరువాత, ఇరువదవ శతాబ్దికి ముందు ఆ పీఠమెక్కినవారి పేర్లు వారి దేశంలోనే చాలమందికి గుర్తులేవు. ఆ కాలానికి మాత్రం ఒక పేరు నిలిచినది. మార్కు ట్వేను, మరొక రచయితతో కలిసి, 1873లో ఒక నవల వ్రాసి, దానికి బంగారు పూత పూసిన యుగం అని అర్థం వచ్చే పేరు పెట్టినాడు. లోపల ఇత్తడి, పైన బంగారు నీరు అని ఆయన భావం. అంతర్యుద్ధం 1865లో ముగిసినది. రైలుదారులు పడినవి, ఉక్కు, కిరసనాయిలు, బ్యాంకులు పెరిగినవి, వాటితోపాటు లంచం కూడ పెరిగినది. ఎన్నికలలో గెలిచిన పక్షానికి ప్రభుత్వోద్యోగాలన్నీ కొల్లసొమ్ము క్రింద లెక్క. తపాలా గుమాస్తా మొదలు రేవు అధికారివరకు పక్షంవాడే కావలెను, పక్షం ఓడిపోతే అందరు ఇంటికి పోవలెను. ఈ పద్ధతిలో పుట్టి, ఈ పద్ధతిలో పెరిగి, దీనివల్లనే పైకి వచ్చిన మనిషి ఆర్థరు. దీని మెడకు మొదటి ఉరి బిగించినవాడు కూడ అతడే కావడం చరిత్రలోని వింత.

ఆర్థరు 1829 అక్టోబరు 5వ తేదీన వెర్మాంటు రాష్ట్రంలో ఫేర్‌ఫీల్డు అనే పల్లెలో జన్మించినాడు. తండ్రి ఐర్లండునుండి వలస వచ్చిన బాప్టిస్టు మతబోధకుడు. బానిసత్వాన్ని బాహాటంగా నిందించేవాడు. ఒక ఊరివారికి రుచింపక మరొక ఊరికి, అక్కడనుండి ఇంకొక ఊరికి కుటుంబాన్ని వెంటబెట్టుకొని తిరిగినవాడు. కుమారుడు స్కెనెక్టడీలోని యూనియను కళాశాలలో 1848లో పట్టం పుచ్చుకొని, కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, న్యాయశాస్త్రం చదివి, 1854లో న్యూయార్కులో వకీలైనాడు.

ఆ యువక వకీలు చేసిన ఒక పని ఇక్కడ చెప్పక తప్పదు. 1854లో ఎలిజబెత్తు జెన్నింగ్సు అనే నీగ్రో ఉపాధ్యాయురాలు ఆదివారంనాడు చర్చికి పోవుటకు గుర్రపు ట్రాముబండి ఎక్కగా, అది తెల్లవారి బండి అని ఆమెను బలవంతంగా క్రిందికి త్రోసివేసినారు. ఆమె కంపెనీమీద దావా తెచ్చినది. ఆమె పక్షాన వాదించినవాడు ఇరువదియైదేండ్ల ఆర్థరు. 1855లో న్యాయస్థానం ఆమెకు 225 డాలర్ల నష్టపరిహారం ఇప్పించినది. నగరంలోని ట్రాముబండ్లలో వర్ణభేదం తొలగిపోవడానికి ఆ తీర్పు దారి తీసినది. తండ్రి రక్తం అంతవరకు కుమారునిలో బాగుగనే ప్రవహించినదని చెప్పవలెను.

తరువాత అంతర్యుద్ధం వచ్చినది. న్యూయార్కు రాష్ట్ర గవర్నరు ఆర్థరును సైనిక సరఫరాలమీద నియమించినాడు. వేలకొద్ది సైనికులకు బట్టలు, తిండి, గుడారాలు, తుపాకులు సమకూర్చే పని. కంట్రాక్టర్లు నోట్ల కట్టలతో వాకిట నిలిచే పని. అతడు అందులో చేయి తడుపుకొన్నట్లు ఎవరును చెప్పలేదు. అయితే ఆ కొలువులోనే అతనికి రాజకీయ నాయకుల సాంగత్యం అలవడినది. 1863లో పదవి వదిలేనాటికి జనరలు అనే బిరుదు, మంచి దుస్తులమీద మోజు, రాత్రి చాలసేపటివరకు చుట్టలు కాలుస్తూ మిత్రులతో కూర్చుండే అలవాటు స్థిరపడిపోయినవి. ఆ యేడే రెండున్నర సంవత్సరాల పెద్దకొడుకు చనిపోయినాడు. ఒకప్పుడు బానిసత్వాన్ని గురించి ఆవేశపడిన మనిషి క్రమంగా ఎన్నికల పట్టికలు, చందాలు, పదవుల పంపకం అనే వాటిలో మునిగినాడు. నేను ఈ మార్పుకు ఒక తేదీ చూపలేను. ఇటువంటి మార్పులకు తేదీలు ఉండవు.

న్యూయార్కు రిపబ్లికను పక్షానికి అప్పుడు ఏలిక రాస్కో కాంక్లింగు అనే సెనేటరు. ఆజానుబాహువు, వాచాలుడు, అహంకారి. పక్షాన్ని అతడొక యంత్రంగా నడిపేవాడు. అమెరికావారు దానిని యంత్రమనే పిలుస్తారు. ఆ యంత్రానికి నూనె న్యూయార్కు రేవులోని సుంకపు కచ్చేరినుండి వచ్చేది. 1871లో అధ్యక్షుడు గ్రాంటు ఆర్థరును ఆ కచ్చేరికి కలెక్టరుగా నియమించినాడు.

కలెక్టరు అనగానే మనకు జిల్లా, కచ్చేరి, డవాలి బంట్రోతు కన్నులకు కట్టుతారు. ఈ కలెక్టరు వేరు. దేశానికి వచ్చే దిగుమతి సుంకంలో చాల పెద్ద భాగం ఆ ఒక్క రేవులోనే వసూలయ్యేది. అతని చేతిక్రింద సుమారు వేయిమంది ఉద్యోగులు. వారు పక్షం మనుషులు. ఎన్నికలు వచ్చినప్పుడు ప్రతివాని జీతంలో నూటికి ఇంత అని పక్షానికి చందా చెల్లించవలెను. అది చందా అని పేరేగాని కప్పం. ఇవ్వనివాడు మరునాడు ఉద్యోగంలో ఉండడు. ఇక కలెక్టరు సంపాదన సంగతి. సరకు విలువ తక్కువ వ్రాసి దిగుమతి చేసుకొన్న వర్తకునిపై జరిమానా వేస్తే, అందులో కలెక్టరుకు, మరికొందరు అధికారులకు చట్టప్రకారం వాటా వచ్చేది. ఫెల్ప్సు డాడ్జి అనే గొప్ప లోహవ్యాపారసంస్థ 1873లో 2,71,017 డాలర్లు చెల్లించి బయటపడినది. ప్రభుత్వానికి జరిగిన నష్టం అందులో అతిస్వల్పమని తరువాత తేలినది. ఆర్థరు వాటా సుమారు 22 వేల డాలర్లు. ఏటేట అతని రాబడి 50 వేల డాలర్లకు మించేది. గ్రాంటు మొదటి నాలుగేండ్ల పాలనలో దేశాధ్యక్షుని జీతం అందులో సగమే. వర్తకులు గగ్గోలు పెట్టగా 1874లో ఈ వాటాల పద్ధతిని రద్దు చేసి, కలెక్టరుకు 12 వేల జీతం మాత్రం నిర్ణయించినారు.

గమనించవలసిన దేమంటే ఇదంతా చట్టబద్ధం. ఆర్థరు ఖజానాలో చేయి పెట్టలేదు. దొంగ రసీదు వ్రాయలేదు. మధ్యాహ్నమైన తరువాత తీరుబడిగా కచ్చేరికి వచ్చి, అందరిని చిరునవ్వుతో పలుకరించి, ఎవరికి ఏ ఉద్యోగం ఇవ్వవలెనో కాంక్లింగు మనసెరిగి ఇచ్చేవాడు. కాని తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినా లోకం కల్లనే అంటుంది. ఇతడు త్రాగినది పూర్తిగా పాలని కూడ చెప్పలేము.

1877లో అధ్యక్షుడైన హేసు సంస్కరణాభిమాని. అతడు సుంకపు కచ్చేరిపై విచారణ సంఘం వేయించినాడు. అవసరానికి మించి ఉద్యోగులు ఉన్నారని, అయిదింట ఒక వంతును తగ్గించవచ్చునని ఆ సంఘం తేల్చినది. హేసు ఆర్థరు స్థానంలో థియోడరు రూజ్‌వెల్టు అనే సజ్జనుణ్ణి (తరువాతి అధ్యక్షుని తండ్రి) ప్రతిపాదించగా, కాంక్లింగు సెనేటులో చక్రం త్రిప్పి దానిని ఓడించినాడు. కొన్ని వారాలకే రూజ్‌వెల్టు చనిపోయినాడు. 1878 జూలైలో, సెనేటు సమావేశంలో లేని సమయం చూచి, హేసు ఆర్థరును తొలగించినాడు. ఈవిధంగా సంస్కరణపేరిట పదవి పోగొట్టుకొన్నవాడుగా అతని పేరు దేశమంతట ప్రాకినది.

ఇంట్లో ఇంకొక దుఃఖం పొంచి ఉన్నది. అతని భార్య ఎలెను, నౌకాదళాధికారి హెర్న్‌డను కుమార్తె, చక్కని గాయకురాలు. భర్త రాత్రులన్నీ రాజకీయాలకే సమర్పించుటవల్ల ఆ దాంపత్యం బీటలు వారినదని ఆమె బంధువులు చెప్పుకొనేవారు. 1880 జనవరిలో ఆర్థరు పక్షం పనిమీద ఆల్బనీలో ఉండగా ఆమెకు న్యుమోనియా సోకినది. వార్త తెలిసి అతడు పరుగున వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. 12వ తేదీన మరణించినది. ఆమె వయస్సు 42. తరువాత శ్వేతభవనంలో ఉన్నన్నాళ్లు ఆమె చిత్రపటంముందు ప్రతిదినం తాజా పూలు ఉంచేవాడు. ఎదుట ఉన్న చర్చికి ఆమె జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీ ఒకటి చేయించి, రాత్రివేళ తన గదినుండి కనబడేటట్లు లోపల దీపం ఉంచే ఏర్పాటు చేసినాడు.

ఆ వేసవిలోనే చికాగోలో పక్ష మహాసభ జరిగినది. కాంక్లింగు వర్గం గ్రాంటును మూడవసారి నిలుపవలెనని పట్టుబట్టినది, ఎదిరివర్గం బ్లెయిను అన్నది. 36వ సారి ఓట్లు లెక్కించేసరికి ఇద్దరునుగాక గార్ఫీల్డు ఎన్నికైనాడు. ఓడిన వర్గాన్ని చల్లబరచుటకు ఉపాధ్యక్షపదవి న్యూయార్కువారికి చూపినారు. దానిని ఆర్థరు స్వీకరించగా కాంక్లింగు మండిపడి వదులుకొమ్మని శాసించినాడు. ఆర్థరు వినలేదు. తాను కలలోకూడ ఎరుగని గౌరవమని, వదులుకొననని చెప్పినాడు. ఏలికకు ఎదురు చెప్పడం అతని జీవితంలో అదే మొదటిసారి. అప్పుడుగూడ ఉపాధ్యక్షపదవిని ఎవరు లెక్కచేసినారు! సంస్కరణవాదులు పెదవి విరిచి, ఆ పదవిలో అతడు చేయగల చెరుపు స్వల్పమని తమను తాము సమాధానపరచుకొన్నారు. ఎన్నికలలో గార్ఫీల్డు ఇంచుమించు 90 లక్షల ఓట్లలో పదివేలకు లోపు ఆధిక్యంతో బయటపడినాడు.

1881 మార్చిలో కొత్త అధ్యక్షుడు న్యూయార్కు సుంకపు కచ్చేరికి కాంక్లింగు శత్రువైన రాబర్ట్‌సనును ప్రతిపాదించినాడు. యంత్రానికి నూనె బుడ్డి లాగివేసినట్లయినది. కాంక్లింగు, అతని సహచరుడు ప్లాటు సెనేటుకు రాజీనామా ఇచ్చి, తమ రాష్ట్రశాసనసభచేత తిరిగి ఎన్నిక చేయించుకొని వచ్చి అధ్యక్షుని తలవంచవలెనని ఎత్తు వేసినారు. దేశపు ఉపాధ్యక్షుడు తన అధ్యక్షునికి వ్యతిరేకంగా ఆల్బనీలో కూర్చుండి వారికి ఓట్లు కూడగట్టినాడు. ఆర్థరు జీవితంలో ఇంతకంటె సిగ్గుపడవలసిన ఘట్టం లేదు.

జూలై 2వ తేదీ ఉదయం వాషింగ్టను రైలు స్టేషనులో గార్ఫీల్డును గిటో అనే ఉన్మాది తుపాకితో కాల్చినాడు. పారిసులో రాయబార ఉద్యోగం కావలెనని నెలల తరబడి కచ్చేరుల చుట్టు తిరిగి, దొరకక, భగవంతుడే తనను ఈ పనికి నియోగించినాడని నమ్మినవాడు. పట్టుబడగానే తాను కాంక్లింగు వర్గంవాడనని, ఇక ఆర్థరు అధ్యక్షుడౌతాడని ప్రకటించినాడు. సరిగా ఆ ఉదయమే ఆర్థరు కాంక్లింగుతో కలిసి ఆల్బనీనుండి రాత్రి పడవలో న్యూయార్కు రేవులో దిగినాడు. దేశమంతా ఏమనుకొన్నదో చెప్పనక్కరలేదు. కొన్ని పత్రికలు హత్యాయత్నంలో అతనికి చేయి ఉన్నదేమోనని సూచించడానికి కూడ వెనుదీయలేదు. గార్ఫీల్డు 79 దినాలు మృత్యువుతో పెనుగులాడినాడు. ఆ దినాలలో ఆర్థరు లెక్సింగ్టను వీథి ఇంట తలుపులు బిగించుకొని, ఎవరితోను సరిగా మాటలాడక, కండ్లు వాచి కూర్చుండెనని చూచినవారు చెప్పినారు. తనకు రాబోయే పదవిని చూచి భయపడిన రాజకీయవేత్తలు చరిత్రలో అరుదు.

ఆగస్టు చివరను అతనికి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినది జూలియా శాండు అనే స్త్రీ. న్యూయార్కులో అన్నగారి ఇంట ఉండే రోగిష్టి, అవివాహిత, ముప్పదేండ్లు దాటినది. ఆర్థరు ఆమెను చూచి యెరుగడు. ఆమె మొగమాటం లేకుండ విషయం చెప్పినది: గార్ఫీల్డు పోతే మీరు వస్తారని దేశం విలపిస్తున్నది, మీలో అణగిపోయిన మంచితనమేదైన ఉంటే అది బయటపడవలసిన సమయమిదే, ఎన్నడు తప్పు చేయకుండుటకంటె చేసిన తప్పును దిద్దుకొనడం కష్టమైన పని, అది చేసి చూపండి - ఇది ఆమె చెప్పినదాని సారాంశం. ముఖస్తుతికి అలవాటుపడిన చెవులకు ఈ మాట ఎట్లా సోకినదో ఊహించుకొనవలసినదే. ఆమె అటుపై రెండేండ్లపాటు వ్రాస్తూనే ఉన్నది, మొత్తం 23 ఉత్తరాలు. పూర్వపు రాజుల కొలువులో నిజం చెప్పడానికి ఒక మరుగుజ్జు ఉండేవాడని, తాను అతని కొలువులో అటువంటిదాననని చెప్పుకొన్నది. మన తెనాలి రామకృష్ణుని కథలు ఆమెకు తెలిసి ఉంటే ఆ పోలిక మరికొంత సరదాగా వచ్చేది.

సెప్టెంబరు 19వ తేదీ రాత్రి గార్ఫీల్డు మరణించినాడు. అర్ధరాత్రి దాటి రెండుంబావు గంటలకు ఆ ఇంటిలోనే ఒక న్యాయమూర్తి ఆర్థరుచేత ప్రమాణం చేయించినాడు. అప్పటికి సెనేటుకు తాత్కాలికాధ్యక్షుడు లేడు, దిగువసభకు స్పీకరు లేడు. అతనికి దారిలో ఏమైన జరిగితే దేశానికి అధిపతియే ఉండడు. అందువల్ల సెనేటును సమావేశపరచే ఆజ్ఞ ఒకటి వ్రాసి, అధ్యక్షునికి అని చిరునామా పెట్టి శ్వేతభవనానికి తపాలాలో వేసి, తరువాత బయలుదేరినాడు. ఇల్లంతా తగులబడుతున్నప్పుడు పెట్టె తాళంచెవి జేబులో వేసుకొనడం వంటి బుద్ధి ఇది. సుంకపు కచ్చేరి తీరుబడి మనిషిలో ఈ జాగరూకత ఉన్నదని ఎవరనుకొన్నారు!

కాంక్లింగు వాషింగ్టనుకు వచ్చినాడు. రాబర్ట్‌సనును తీసివేసి కచ్చేరిని మనకు ఇప్పించుమన్నాడు. ఆర్థరు కాదన్నాడు. గార్ఫీల్డు ప్రాణం పోవడానికి మూలమైన నియామకాన్ని తాను రద్దు చేయలేనన్నది అతని భావం. ఏరు దాటి తెప్ప తగులవేసినాడని పాతమిత్రులు దుమ్మెత్తిపోసినారు. సామెత న్యాయమైనదే, కాని ఆ తెప్ప ఎటువంటిదో, దానిమీద ఏ సరకు దాటుతున్నదో కూడ చూడవలెను. 1882లో కాంక్లింగుకు సుప్రీముకోర్టు న్యాయమూర్తి పదవి ఇవ్వజూపగా సెనేటు ఆమోదించిన తరువాత అతడే త్రోసిపుచ్చినాడు. ఆ స్నేహం మరల అతుకలేదు.

తపాలాశాఖలో పడమటి రాష్ట్రాల మారుమూల దారుల కంట్రాక్టులపై లక్షల డాలర్లు మ్రింగినవారిమీద గార్ఫీల్డు కాలంలో మొదలైన విచారణను ఆర్థరు ఆపలేదు. వారిలో డార్సీ అనే ప్రముఖుడు 1880 ఎన్నికలలో తన పక్షానికే పనిచేసినవాడు. రెండుమార్లు విచారణ జరిగి 1883లో ముఖ్యులు నిర్దోషులుగా విడుదలైనారు. జూరీలను కొన్నారని అపవాదు. 1882 ఆగస్టులో, నదులు, రేవుల బాగుచేతపేరిట ప్రతి సభ్యుని నియోజకవర్గానికి కొంత పంచిపెట్టే సుమారు 190 లక్షల డాలర్ల బిల్లును నిరాకరించి త్రిప్పి పంపినాడు. మరునాడే సభలు అతని మాట కాదని దానిని చట్టం చేసినవి. ఆ నెల 20వ తేదీ సాయంకాలం ముందు చెప్పకుండ ఒక బండి జూలియా శాండు ఇంటిముందు ఆగినది. దిగినవాడు దేశాధ్యక్షుడు. సుమారు గంటసేపు ఆ ఇంట కూర్చుండి వెళ్లినాడు.

అన్నీ మెచ్చదగినవే అని చెప్పను. చీనా కూలీలను ఇరువదేండ్లపాటు దేశంలోనికి రానీయరాదన్న బిల్లును సంధికి విరుద్ధమని నిరాకరించి, పదేండ్లకు తగ్గించి మరల పంపగానే 1882 మేలో సంతకం చేసినాడు. ఆ నిషేధం పొడిగింపబడుతూ 1943వరకు నిలిచినది. ఎలిజబెత్తు జెన్నింగ్సు వకీలు చేతిమీదుగా ఇది జరిగినది. ఆ ఏటి ఎన్నికలలో పక్షంవారు ఉద్యోగుల జీతాలనుండి వెనుకటివలెనే చందాలు గుంజుతుంటే అతడు చూచి ఊరకున్నాడు.

ఆ ఎన్నికలలో రిపబ్లికనులు చిత్తుగా ఓడిపోయినారు. గార్ఫీల్డు మరణం ఉద్యోగాల వేటవల్లనే అని జనం మరువలేదు. ఒహాయో సెనేటరు పెండిల్టను ప్రవేశపెట్టి మూలబడియున్న బిల్లు చకచక కదిలినది. 1883 జనవరి 16వ తేదీన ఆర్థరు సంతకం చేసినాడు. పోటీపరీక్షలో యోగ్యత చూపినవానికే ఉద్యోగం, పక్షానికి చందా ఇవ్వలేదని ఎవరిని తొలగించరాదు, నియామకాలు పర్యవేక్షించుటకు ఒక కమిషను. మొదట ఇది వర్తించినది పదింట ఒక వంతు ఉద్యోగాలకే. కాని యాభైమందికి తక్కువగాని సుంకపు కచ్చేరులన్నీ అందులో ఉన్నవి. అనగా ఆర్థరు ఏలిన న్యూయార్కు కచ్చేరికూడ ఉన్నది. కమిషనుకు అధ్యక్షుడుగా అతడు నియమించిన డార్మను ఈటను నిఖార్సయిన సంస్కరణవాది, ఇంగ్లండు వెళ్లి అక్కడి ఉద్యోగ పద్ధతిని పరిశీలించి గ్రంథం వ్రాసినవాడు. ఇంగ్లండులో ఆ పద్ధతికి 1854లో నాంది పలికిన ఇద్దరిలో ఒకరు ట్రెవెల్యను దొర, తరువాత 1859లో మన చెన్నపట్టణానికి గవర్నరుగా వచ్చినవాడు. సర్వీసు కమిషను పరీక్షలకు హాలు టిక్కెట్టు పట్టుకొని బారులు తీరే మన పిల్లలకు, ఈ పరీక్షకు పూర్వం ఉద్యోగాలు ఎట్లా దొరికేవో చెప్పితే వారు నమ్మరు. పెద్దలు కొందరు నమ్ముతారు.

ఇంతలో వైద్యులు అతనికి మూత్రపిండాల వ్యాధి ఉన్నదని, అది మానేది కాదని 1882లోనే చెప్పినారు. అతడు దానిని పైకి పొక్కనీయలేదు. విందులు, ఉడుపులు, నవ్వుముఖం యథాప్రకారం సాగినవి. 1884లో పక్షం అతనిని కాదని బ్లెయినును నిలిపి ఓడిపోయినది. సంస్కరణవాదులు చివరివరకు పూర్తిగా నమ్మలేదు, పాతవారు క్షమించలేదు. అతడు న్యూయార్కు తిరిగివచ్చి, కొంతకాలం వకాల్తా పేరు పెట్టుకొని, 57వ యేట వెళ్లిపోయినాడు. ఆల్బనీ శ్మశానవాటికలో ఎలెను ప్రక్కన సమాధి చేసినారు.

ఇక ఆ ఉత్తరాల కట్ట. 1958లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంవారు ఆర్థరు మనుమని వద్ద మిగిలిన కాగితాలు కొన్నప్పుడు అవి బయటపడినవి. ఆమెకు అతడు వ్రాసిన జవాబు ఒక్కటికూడ దొరకలేదు. తన ఘనతను చాటే కాగితాలనుకూడ మంటపాలు చేసిన మనిషి, తనను మందలించిన ఆ 23 ఉత్తరాలను మాత్రం ఎందుకు ఉంచినాడో చెప్పే కాగితం ఏదీ లేదు.

న్యూయార్కులో మాడిసను స్క్వేరు తోటలో ఈశాన్యపు మూలన ఆర్థరు విగ్రహం, ఆగ్నేయపు మూలన కాంక్లింగు విగ్రహం నిలిచి ఉన్నవి. లెక్సింగ్టను వీథిలో ఆ ఇల్లుకూడ నిలిచియే ఉన్నది. అర్ధరాత్రి ప్రమాణస్వీకారం జరిగిన ఆ ఇంటి క్రిందిభాగంలో ఇప్పుడు మన దేశపు పప్పులు, పసుపు, జీలకర్ర, మిరియాలు అమ్మే అంగడి ఉన్నది. గోడమీద చిన్న ఇత్తడి ఫలకం తప్ప ఆర్థరు గుర్తు మరొకటి లేదు.